తొలి వాయి

కుడుము బాగోగులన్నీ తపేళా మూతికి తడిగుడ్డ కట్టడంలోనే ఉంటాయి. వదులుగా కడితే పిండి మధ్యకు కుంగి కింద మరిగే నీళ్ళను తాకుతుంది. ఓ పక్క బిగువు, ఓ పక్క వదులు అయితే కుడుము ఏటవాలుగా ఉడికి ఒకవైపు రాయి, ఒకవైపు జావ అవుతుంది. అందుకే ఆ గుడ్డ కట్టేటప్పుడు అమలమ్మ ఎవరితోనూ మాట్లాడదు. కలెక్టరే వచ్చి పలకరించినా సరే, ముడి పడ్డాకే తలెత్తుతుంది.

లాల్ అహ్మద్‌కు ఆ సంగతి తెలుసు. సైకిల్‌కు స్టాండు వేసి, కల్వర్టు గోడ మీద కూర్చుని, నోరు మూసుకుని చూస్తాడు. గుణదలలో ఏలూరు కాలువ గట్టు మీద, అమలమ్మ కుడుముల బండి దగ్గర, పదకొండేళ్ళుగా అతనికి తెల్లవారేది ఇలాగే. అమలమ్మ గరిటెడు మినప్పిండి గుడ్డ మీద పోసి, గరిటె వెనుకవైపుతో గుండ్రంగా సర్దుతుంది. చూపుడువేలు నీళ్ళలో ముంచి, ఆ తెల్లటి పిండి మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీస్తుంది. మూత పెడుతుంది. అప్పుడు గానీ "ఏమన్నా, లేచావా?" అనదు.

ఆ మొదటి కుడుము అమ్మేది కాదు. దానిపేరు అమ్మ వాయి. బండికి వెనక అడ్డంగా కొట్టిన చెక్క మీద గుణదల మరియమాత పటం ఉంటుంది. మే నెల అమ్మ నెల కాబట్టి ఈ నెలంతా దానికి మూర మల్లెపూలు కూడా. తొలి వాయి ఆ తల్లిది, ఆ తల్లి పేరు మీద ఆకలితో ఎవరు ముందొస్తే వాళ్ళది. ఆ వరస దుకాణాల్లో ముందు తెరిచేది లాల్ అహ్మద్ అద్దె సైకిళ్ళ షాపే కాబట్టి, ముందొచ్చేదీ అతనే. "మీ ఆకలి సంగతి నాకంటే మరియమాతకే బాగా తెలుసు" అని సైదాబీ మొగుణ్ణి ఆటపట్టిస్తుంటుంది.

అమలమ్మ గుడ్డను పళ్ళెంలోకి బోర్లించి, వెనకవైపు నీళ్ళు చిలకరించి, కుడుము చిట్లకుండా ఒలిచి, ఆకులో పెడుతుంది. పక్కన కారప్పొడి, దాని నడుమ గుంట చేసి చెంచాడు నెయ్యి. అందరికీ వేసే అల్లప్పచ్చడి అతనికి వెయ్యదు. అతని కడుపులో పుండుంది, నెయ్యి కలిసిన కారప్పొడైతే ఫరవాలేదుగానీ అల్లప్పచ్చడి పడదు. ఆ విషయం ఆమెకు ఎప్పుడు చెప్పాడో అతనికే గుర్తులేదు. ఆమె మాత్రం అతన్ని ఏం వెయ్యమంటావని ఏనాడూ అడగలేదు.

ఆ ఆదివారం కూడా తొలి వాయి తిని, చెయ్యి కడుక్కుని, జేబులోంచి కుట్టుపని ఉన్న తెల్ల టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అది పవన్‌కుమార్ కొనిచ్చిన టోపీ. ఇదివరకైతే లాల్ అహ్మద్ తలమీద టోపీ కనబడేది శుక్రవారం నమాజులోనే. పవన్‌కుమార్ సైకిల్ టూరు మొదలుపెట్టాక ఆదివారాలు కూడా పెట్టుకుంటున్నాడు. ఎండ ముదరకముందే సైకిళ్ళ మీద బెజవాడ చూపించడం, చూపించినచోటల్లా ఏదో ఒకటి తినిపించడం, ఇదీ ఆ టూరు. సైకిళ్ళు లాల్ అహ్మద్‌వి, దారి కూడా అతనిదే. "టోపీ ఉంటే ఫోటోల్లో బాగుంటుంది లాల్ భాయ్, గెస్టులకు నచ్చుతుంది" అన్నాడు పవన్‌కుమార్. సరే అన్నాడు. టోపీయేగా.

ఆరు కావస్తుండగా టూరువాళ్ళు వచ్చారు. రెండు కుటుంబాలు, ఎనిమిదిమంది. అప్పటికే మెడలు తుడుచుకుంటున్నారు. అమలమ్మ కుడుమును దారంతో నాలుగు ముక్కలుగా కోసి, ఆకుల్లో పెట్టి అందించింది. ట్రాక్ ప్యాంటు వేసుకున్న పెద్దమనిషి ఒక ముక్క నోట్లో పెట్టుకోబోతూ పటం వైపు చూశాడు.

"నీ పేరేంటమ్మా?"

"అమలమ్మ అండీ."

"ఏ ఊరు మీది? అంటే, మీరేమిట్లు?"

"ఇక్కడేనండీ, గుణదలే. క్రిస్టియన్సండీ."

"అదే, అదే" అన్నాడాయన. ముక్కను మళ్ళీ ఆకులో పెట్టాడు. ఆకును కల్వర్టు గోడ మీద పెట్టాడు. "ఇప్పుడే టీ తాగాం కదా, ఆకలి లేదు" అని పక్కనున్నావిడతో అన్నాడు. ఆవిడ కూడా తన ఆకు గోడ మీద పెట్టింది. పిల్లలు అప్పటికే సగం తినేశారు. వాళ్ళ చేతుల్లోంచి కూడా తీసుకుంది. వాళ్ళను చూసి రెండో కుటుంబమూ ఆకులు గోడ మీద పెట్టేసింది.

వాళ్ళు సైకిళ్ళెక్కాక గోడ మీద వరసగా ఎనిమిది ఆకులు మిగిలాయి. కాకులు అప్పుడే దిగుతున్నాయి. లాల్ అహ్మద్ పెడలు మీద కాలు పెట్టి వెనక్కి చూశాడు. అమలమ్మ రెండో తపేళాకు గుడ్డ కడుతోంది, అందుకని తలెత్తలేదు.

పవన్‌కుమార్ మళ్ళీ గురువారం మధ్యాహ్నం షాపుకు వచ్చాడు. ఇంకా రోహిణి కార్తె రానేలేదు, రోడ్డు మీద తారు మాత్రం అప్పుడే మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. లాల్ అహ్మద్ ఒక వెనక చక్రాన్ని ఇరుసు మీద నిలబెట్టి తిప్పుతూ, రిమ్ము ఎక్కడ బెండు పోయిందో చూసి, అక్కడి స్పోకు పుల్లను చిన్న పానాతో పావు చుట్టు బిగిస్తున్నాడు. అతని దగ్గర ఒకప్పుడు నలభై అద్దె సైకిళ్ళుండేవి. ఇప్పుడు మిగిలినవి పద్నాలుగు. అవి కదిలేది ఆదివారం నాడే.

"లాల్ భాయ్, ఒక మాట."

"చెప్పండి పవన్ గారూ."

"పోయినవారం వాళ్ళు నెట్‌లో రాశారు. ఫస్ట్ స్టాప్ నీట్‌గా లేదంట."

లాల్ అహ్మద్ చక్రం ఆపాడు. "ఆ బండి నీట్‌గా లేదా? మన ఇళ్ళల్లో వంటగదులు కూడా అంత శుభ్రంగా ఉండవండీ."

"నాకు తెలీదా? నేనూ తింటున్నాగా వారం వారం. అసలు సంగతి అది కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు." పవన్‌కుమార్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర రైతు కుటుంబం వాళ్ళది. చెడ్డవాడు కాదు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేడు. "నాకేం పట్టింపుల్లేవు భాయ్. గెస్టులతోనే వస్తోంది. ఈ ఆదివారం హైదరాబాద్ కంపెనీ వాళ్ళు పన్నెండుమంది. వీళ్ళకు నచ్చితే నెలకో బ్యాచి పంపిస్తామన్నారు. అందుకని, ఆ పటం ఒక్కటి కాస్త తీసేసి, పేరు ఎవరన్నా అడిగితే అన్నపూర్ణ అని చెబితే సరిపోతుంది. అన్నపూర్ణమ్మ కుడుములు. వినడానికి కూడా బాగుంది."

"ఆమె ఒప్పుకోకపోతే?"

"ఫస్ట్ స్టాప్ మొగల్రాజపురంలో ఏసీ హోటల్‌కి మార్చేస్తా. అక్కడికి వ్యాన్‌లోనే వెళ్ళిపోవచ్చు. బ్యారేజీ మీద కాసేపు తొక్కి ఫోటోలు దిగడానికి నాలుగు సైకిళ్ళుంటే చాలు." చెప్పి, చెప్పినందుకు తనే నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "అలా చెయ్యడం నాకూ ఇష్టం లేదు. మీరు చెప్పండి భాయ్. మీరు చెబితే వింటుంది."

అతను వెళ్ళాక లాల్ అహ్మద్ ఆ చక్రాన్ని చాలాసేపు తిప్పాడు. ఒక పుల్ల బిగిస్తే ఇంకోచోట ఊగుతోంది. ఏం చేసినా సూటిగా రాలేదు.

శుక్రవారం తెల్లవారుజామున తొలి వాయి తిన్నాకే అడిగాడు. తినకముందే అడిగి ఉండాల్సిందని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. అప్పుడు మాత్రం ఖాళీ కడుపుతో నోరు రాలేదు. కారప్పొడి అంటిన వేళ్ళు నాకి, ఆకు మడిచి, దాన్ని పారెయ్యకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"అమలమ్మా, ఒక మాట చెబితే తప్పుగా అనుకోవు కదా."

"నువ్వు చెబితే తప్పేముందన్నా, చెప్పు."

చెప్పాడు. అన్నీ చెప్పాడు, ఏసీ హోటలు సంగతితో సహా. ఆమె వింటూనే పిండిగిన్నె అంచులు గరిటెతో గీకి, మధ్యకు చేర్చి, గరిటెను గిన్నె అంచుకు రెండుసార్లు తట్టింది.

"అన్నపూర్ణా?" అంది చివరికి. "మంచి పేరే."

"ఆదివారం ఒక్కపూటే. అరగంట. వాళ్ళు వెళ్ళిపోయాక నీ పటం నీ ఇష్టం." అతనికి ఇంకా చెప్పాలనిపించింది. "నన్ను టోపీ పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నా. అందులో నాదేం పోయింది చెప్పు?"

అమలమ్మ పటం వైపు తిరిగింది. పొగకు అద్దం అంచులు పసుపుపచ్చగా మారాయి. "ఈ మేకు మా అత్త కొట్టింది. బండి కొన్న రోజున, చక్రాలు కూడా బిగించకముందు కొట్టింది. ముందు అమ్మ కూర్చుంటే బండి తర్వాత నడుస్తుందని." తడిగుడ్డ తీసుకుని పిండింది. "సరేలే అన్నా. ఆ బాబు వచ్చి అడిగుంటే ఒప్పుకునేదాన్ని కాదు. నువ్వు చెప్పావంటే ఆలోచించే చెప్పుంటావు."

ఆ మాటతో లాల్ అహ్మద్ గుండెల మీద బరువు దిగినట్టయింది. దిగిన బరువు ఎక్కడికి పోయిందో చూసుకోలేదు. ఆమె అప్పటికే తపేళాకు గుడ్డ కడుతోంది కాబట్టి మరి మాట్లాడలేదు.

మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు సైదాబీకి చెప్పాడు. పని చక్కబడిందనే సంతోషంతోనే చెప్పాడు. సైదాబీ కూర వడ్డించబోయి గిన్నె కింద పెట్టేసింది.

"మీరెందుకు చెప్పారు? ఆయనకు నోరు లేదా?"

"నేను చెబితే వింటుందని."

"విందిగా."

"విన్నది. ఏం, తప్పా? నేను టోపీ పెట్టుకోలా?"

"టోపీ మిమ్మల్ని పెట్టుకోమన్నారండీ. పటం ఆమెను తీసెయ్యమన్నారు. రెండూ ఒకటెట్లా అవుతాయి? మీ పేరు వాళ్ళకు ముద్దొచ్చింది, టూరు బోర్డు మీద రాసుకున్నారు. ఆమె పేరు పలికితే తినేవాళ్ళ నోరు మూతపడుతోంది. ఆ తేడా మీకు తెలీకనా?"

లాల్ అహ్మద్ కంచం ముందుకు జరిపాడు. "కూర చల్లారిపోతోంది" అన్నాడు. సైదాబీ వడ్డించింది.

శనివారం తెల్లవారి వెళ్ళేసరికి పటం ఉన్నచోటే ఉంది. కొత్త మల్లెపూలు కూడా ఉన్నాయి. రేపటికి ఆమె మనసు మార్చుకుంటే బాగుండునని అతనికి లోలోపల ఆశ పుట్టింది. పవన్‌కుమార్‌తో ఆమె ఒప్పుకోలేదని చెప్పేస్తే సరిపోతుంది, తన తప్పేమీ ఉండదు. తొలి వాయి ఎప్పటిలాగే వచ్చింది, కారప్పొడి, గుంటలో నెయ్యి. "వద్దులే అమలమ్మా, ఆ పటం ఉండనీ" అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ సైకిళ్ళు పద్నాలుగు గుర్తొచ్చాయి. చెయ్యి కడుక్కుని షాపుకు వెళ్ళిపోయాడు.

ఆదివారం పటం లేదు. చెక్కంతా పొగకు నల్లబడి ఉంటే, పటం ఉన్నంత మేర మాత్రం నలుచదరంగా కొత్త చెక్క రంగు కనబడుతోంది. దాని పైన అత్త కొట్టిన మేకు. లాల్ అహ్మద్ అటు చూసి, కాలువ వైపు చూసి, కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు.

అమలమ్మ ఉతికిన చీర కట్టుకుంది. గుడ్డ బిగించింది, పిండి పోసింది. వేలు నీళ్ళలో ముంచి, పిండి దాకా తెచ్చి, ఆగి, ఆ వేలును చెంగుకు తుడుచుకుని మూత పెట్టేసింది. కుడుము ఉడికాక ఆకులో పెట్టి అందించింది. కారప్పొడి, నెయ్యి. అన్నీ ఉన్నాయి. "ఏమన్నా, లేచావా?" అన్న మాట ఒక్కటే లేదు.

టూరువాళ్ళు వచ్చారు. కంపెనీ కుర్రాళ్ళు, అమ్మాయిలు, పన్నెండుమంది, షాపు దగ్గర లాల్ అహ్మద్ ఇచ్చిన సైకిళ్ళ మీద నవ్వుతూ, ఒకరి బెల్లు ఒకరు కొడుతూ. వెనకే కెమెరాతో పవన్‌కుమార్. బండి వెనక చెక్క చూసి, లాల్ అహ్మద్ వైపు చూసి, బాగుందన్నట్టు తలూపాడు.

"ఈవిడ అన్నపూర్ణమ్మగారండీ" అన్నాడు లాల్ అహ్మద్. టోపీ కింద నుదురంతా చెమట. "ఈ ఆవిరి కుడుములు మన కృష్ణాజిల్లా వంటకం. ఇడ్లీకి పెద్దక్క అనుకోండి."

అందరూ నవ్వారు. ఆకులు చేతులు మారాయి. పొగలు కక్కే ముక్కల్ని ఊదుకుంటూ తిన్నారు. ఒకతను ఇంకోటి కావాలన్నాడు, ఇంకొకతను వీడియో తీశాడు. అమలమ్మ పిండి పోస్తూ, గుడ్డ కడుతూ, దారంతో కోస్తూ ఉంది. రెండు పొయ్యిల మధ్య ఆమె చేతులు ఎక్కడా ఆగలేదు. హడావుడిలో ఒక వాయి మీద వేలు దానంతటదే పోయి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీసేసింది. లాల్ అహ్మద్ చూశాడు. ఇంకెవరూ చూడలేదనుకున్నాడు.

ముప్ఫై ఏళ్ళుండే ఒక అమ్మాయి మాత్రం గుంపులో కలవకుండా బండి పక్కనే నిలబడి తింటోంది. పేరు మార్త అని పొద్దున సైకిలు ఇచ్చేటప్పుడు చెప్పింది. ఆమె తింటూ బండిని, చెక్కని, కాలువని మార్చి మార్చి చూసింది. తర్వాత లాల్ అహ్మద్ దగ్గరికి వచ్చింది.

"అండీ, మాది చల్లపల్లి. చిన్నప్పుడు మా అమ్మ తిరునాళ్ళకు ఇక్కడికి తీసుకొచ్చేది. కొండ దిగొచ్చాక ఈ గట్టు మీదే ఒక బండి దగ్గర కుడుములు తినేవాళ్ళం. మా దగ్గర డబ్బులు లేకపోతే ఒకసారి ఊరికే పెట్టారు. తొలి వాయి అమ్మదమ్మా, తినండి అన్నారు. అమలమ్మ అని. పటం ఉండేది బండికి. ఆ బండి ఎక్కడుంది? మా అమ్మ ఆవిణ్ణి చూసి రమ్మంది."

అమలమ్మ వాళ్ళకు రెండడుగుల దూరంలో ఉంది. దారం రెండు చేతుల మధ్య బిగించి, కుడుము మీద ఆనించి, కొయ్యకుండా ఆగిపోయింది. లాల్ అహ్మద్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అతను ఏం చెబుతాడో విందామన్న చూపు అది. పక్కనే పవన్‌కుమార్ కెమెరా కిందికి దించాడు.

ఒక్క మాట చాలు. ఈవిడేనమ్మా, అంటే అయిపోతుంది. గొంతు దాకా వచ్చింది కూడా. అప్పుడే వీడియో తీస్తున్న కుర్రాడు "అన్నపూర్ణగారూ, ఇటు చూడండి" అన్నాడు.

"తెలీదమ్మా" అన్నాడు లాల్ అహ్మద్. "చాలాకాలమైంది కదా. ఊరెళ్ళిపోయినట్టుంది."

దారం కుడుములోకి దిగింది. ఒక కోత, అడ్డంగా ఇంకో కోత. నాలుగు ముక్కలూ సమానంగా వచ్చాయి. అమలమ్మ వాటిని ఆకులో పెట్టి మార్త చేతికిచ్చి, "తిను తల్లీ. చల్లారితే బాగోదు" అంది.

ఆ తర్వాత టూరు ఎలా నడిచిందో అతనికి సరిగ్గా తెలియలేదు. కాలువ గట్టున ముంజలు కొట్టించాడు. మాచవరం దాటించాడు. వన్‌టౌన్ సందుల్లో ఒకరి వెనక ఒకరుగా నడిపించి, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పునుగులు తినిపించి, చెరుకురసం తాగించి, ఎనిమిదిన్నరకు బ్యారేజీ మీదికి చేర్చాడు. నీళ్ళు లేని కృష్ణలో ఇసుక తెల్లగా మెరుస్తూ కళ్ళలో పొడుస్తోంది. ఏ వంతెన ఎప్పుడు కట్టారో, ఏ సందుకు ఆ పేరెందుకొచ్చిందో వారం వారం చెప్పేవన్నీ చెప్పాడు. నోరు చెబుతూనే ఉంది. మనసు మాత్రం కల్వర్టు దగ్గరే ఆగిపోయి ఉంది.

సైకిళ్ళను లగేజీ ఆటోలో ఎక్కించి పంపాక, తనది మాత్రం ఉంచుకుని, పవన్‌కుమార్‌ని అడిగాడు.

"ఆ చల్లపల్లి అమ్మాయి ఎటు పోయింది?"

"వాళ్ళమ్మ దగ్గరికి వెళతానంది. బస్టాండుకు. ఎందుకు భాయ్?"

లాల్ అహ్మద్ సైకిలెక్కాడు. అరవైకి దగ్గరపడిన వయసు, కడుపులో పుండు, నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. బస్టాండు దగ్గరేగానీ ఆ కాస్త దూరానికే రొప్పు వచ్చింది. చల్లపల్లి మీదుగా వెళ్ళే అవనిగడ్డ బస్సు ప్లాట్‌ఫారం మీదే ఉంది. మార్త కిటికీ పక్కన కూర్చుని నీళ్ళు తాగుతోంది. అతను సైకిలు గోడకు ఆనించి, కిటికీ కిందికి వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, పొద్దున నేను అబద్ధం చెప్పాను. ఆవిడే. మీకు కుడుము ఇచ్చినావిడే అమలమ్మ."

మార్త సీసా మూత నెమ్మదిగా బిగించింది. "తెలుసండీ" అంది.

అతను కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"పిండి మీద వేలితో గీసింది కదా. నేను చూశాను. అది చూశాకే మిమ్మల్ని అడిగాను. మీరు చెబుతారు, నేను ఆవిడ చేతులు పట్టుకోవచ్చు అనుకున్నా." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "మీరు తెలీదన్నాక, ఆవిడ తలొంచుకుని కోస్తుంటే, మళ్ళీ అడగలేకపోయాను. ఎందుకన్నారో నాకు అర్థమైంది లెండి. ఆఫీసులో నన్ను కూడా అందరూ మ్యాగీ అంటారు. నేనే అలా అలవాటు చేశాను."

కండక్టరు విజిలు వేశాడు. బస్సు ఒకసారి ఊగింది.

"చెప్పినందుకు థాంక్సండీ. కానీ నాకు కాదు కదా చెప్పాల్సింది" అంది. కాస్త ఆగి, "మా అమ్మ పేరు తెరేసమ్మ. ఆవిడకు చెప్పండి, తెరేసమ్మ గుర్తు చేసుకుందని" అంది.

బస్సు కదిలింది. లాల్ అహ్మద్ ఊచ వదిలేశాడు. టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. ముఖమంతా తడిగానే ఉంది, అదంతా చెమటేనని అతను కూడా అనుకోలేదు.

సోమవారం ఎప్పటికంటే ముందే వెళ్ళాడు. రాత్రంతా మాటలు పేర్చుకున్నాడు. పవన్‌కుమార్ స్టాపు ఎక్కడికి మార్చినా సరే, సైకిళ్ళు పోతే పోనీ అని కూడా అనుకున్నాడు. అమలమ్మ పొయ్యి రాజేస్తోంది. చెక్క మీద నలుచదరం అలాగే ఉంది. మేకు అలాగే ఉంది.

"అమలమ్మా" అన్నాడు. "నిన్న నేను పాడు పని చేశాను. శుక్రవారం చేసింది ఇంకా పాడు పని. నువ్వు నా మాట మీద పటం దించావు. నీ పేరు అడిగితే నా నోటితో చెప్పలేదు. ఆ అమ్మాయికి బస్టాండుకు పోయి చెప్పాను. వాళ్ళమ్మ తెరేసమ్మంట. నిన్ను గుర్తు చేసుకుందంట."

అమలమ్మ మంట ఎగదోస్తున్నది ఆపింది. "తెరేసమ్మ" అంది. "చల్లపల్లి తెరేసమ్మ. ఒక చేతికి గాజులుండేవి కావు." ఆమె ముఖంలో ఏదో వెలిగి, మళ్ళీ ఎప్పటిలా అయిపోయింది. "మంచిది. పిల్లను బాగా పెంచింది."

"పటం ఎక్కడుంది? ఇలా తే, నేను తగిలిస్తా. ఇక ఎవరడిగినా దించేది లేదు. నేను చెబుతున్నా."

"ఇంట్లో ఉందన్నా. అక్కడ బాగానే ఉంది."

"ఇక్కడ ఉండాలి కదా."

"ఒకసారి దించాను కదా." ఆమె మాట ఎంత మామూలుగా ఉందంటే, ధర చెబుతున్నట్టుంది. "మళ్ళీ పెడితే మళ్ళీ దించమనరని ఏముంది? ఇంకో ఆదివారం ఇంకెవరో అంటారు. మా అత్త కొట్టిన మేకుకు పటం ఎక్కించడం, దించడం, ఎక్కించడం. నా చేతులకు ఓపిక లేదన్నా. ఆదివారాలు ఇక బండి కూడా పెట్టను. టూరు మొదలైనప్పటి నుంచి చర్చిలో మొదటి పూజకు పోనేలేదు. ఇక నుంచి పోతా."

స్కూలు వ్యాను డ్రైవరు వచ్చి బండి ముందు నిలబడ్డాడు. అతని వెనక పాలబ్బాయి, రిక్షా ఏసుపాదం. అమలమ్మ తపేళాకు తడిగుడ్డ కట్టింది. ఆ ముడి పడేదాకా ఎవరూ మాట్లాడలేదు. పిండి పోసింది, గరిటె వెనుకవైపుతో సర్దింది. వేలు నీళ్ళలో ముంచలేదు. మూత పెట్టింది.

లాల్ అహ్మద్ అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. తొలి కుడుము ఆకులోకి దిగి, వరసలో ముందున్న వ్యాను డ్రైవరు చేతికి వెళ్ళింది. అతను చిల్లర ఇచ్చాడు, ఆమె డబ్బాలో వేసింది. అమ్మ లేని బండికి అమ్మ వాయి ఎందుకని ఆమె అనలేదు. అనక్కర్లేదు. లాల్ అహ్మద్ చెయ్యి వెనక్కి తీసుకుని, ఏసుపాదం వెనక నిలబడ్డాడు.

తెల్లగా తెల్లవారింది. కాలువ అవతల గుణదల కొండ మీద సిలువ ఎండలోకి వచ్చింది. వరస కదిలింది. ఏసుపాదం తన ఆకు తీసుకుని పక్కకు జరిగాడు. అమలమ్మ గుడ్డ బోర్లించి, నీళ్ళు చిలకరించి, ఎక్కడా చిట్లకుండా కుడుము ఒలిచి ఆకులో పెట్టింది. గరిటె పట్టుకుని తలెత్తింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి, వచ్చినవాళ్ళందరినీ అడిగే గొంతుతోనే అడిగింది.

"అల్లప్పచ్చడా, కారప్పొడా?"

పదకొండేళ్ళలో ఆమె అతన్ని ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"కారప్పొడి" అన్నాడు లాల్ అహ్మద్.